ఎందుకు? ఎలా?: కార్ఖానాలో మంచు ఎందుకు కురవదు?



ఈ నెల మనం తేల్చవలసిన ప్రశ్న ఇది: "జపాను దేశంలో చలికాలం వస్తే ఇళ్ళు మునిగేటంత మంచు కురుస్తుంది. పిల్లలూ పెద్దలూ కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకుని కొండల మీది నుంచి జారుతారు. మా సికిందరాబాదు కార్ఖానాలో కూడా చలికాలం వస్తుంది కదా! ఇక్కడ మంచు ఎందుకు కురవదు? చలికాలంలో కురవని మంచు ఎండాకాలంలో వడగళ్ళయి ఎందుకు పడుతుంది?"

ప్రశ్నలో రెండు ముడులున్నాయి. మొదటి ముడి విప్పటం తేలికే అనుకుంటాం. "జపాను చలిదేశం, మనది వేడిదేశం. అంతే!" అంటాం. కాని రెండో ముడి దగ్గరికి వచ్చేసరికి ఆ జవాబు పనికిరాదు. చలి లేకపోవటమే కారణమైతే, రోళ్ళు పగిలే ఎండల్లో ఆకాశం నుంచి అయిసు ముక్కలు ఎలా రాలుతాయి? కనుక మొదటినుంచీ వద్దాం.

మంచు అంటే ఏది?

మన భాషలో మంచు అనే మాటకు పని ఎక్కువ. తెల్లవారుజామున గడ్డిపరకల మీద ముత్యాల్లా నిలిచేదీ మంచే. నాలుగు బారల అవతల మనిషి కనపడకుండా కమ్ముకునేదీ మంచే. హిమాలయాల మీద ఉన్నదీ మంచే. అయితే ఈ మూడూ ఒకటి కావు. గాలిలోని ఆవిరి చల్లటి ఆకుకు తగిలి నీరైతే అది మొదటి రకం మంచు. రెండోది పొగమంచు, అంటే నేలకు ఆనుకుని ఉన్న మబ్బు. ఈ రెండూ నీళ్ళే. మూడోది మాత్రం వేరు. బాగా చల్లగా ఉన్న మబ్బులో నీటి ఆవిరి నీరుగా మారకుండానే, నేరుగా అయిసు స్ఫటికం అవుతుంది. దానికి సాధారణంగా ఆరు కోణాలుంటాయి. అలాటి స్ఫటికాలు ఒకదాన్నొకటి పట్టుకుని, దూదిపింజల్లాగా నేలకు దిగితే మంచు కురిసిందంటాం.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో లంబసింగి అనే ఊరుంది. అది సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి నెలలలో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరిదాకా దిగిన రోజులు కూడా ఉన్నాయి. దానికి "ఆంధ్రా కాశ్మీరు" అని పేరు వచ్చింది. మంచు చూడాలని జనం చీకటితోనే లేచి అక్కడికి వెళతారు. లోయ నిండా తెల్లగా పాలు పోసినట్టుంటుంది. కాని ఎంత దగ్గరికి వెళ్ళినా పిడికెడు మంచు చేతికి దొరకదు. ఎందుచేతనంటే, అక్కడ ఉన్నది పొగమంచు. దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తున్నది. ఒట్టి చలి ఉన్నంత మాత్రాన మంచు కురవదు.

నెత్తిమీద ఉన్న చలి

హైదరాబాదు, సికిందరాబాదు జంటనగరాలలో ఇంతవరకు నమోదైన ఉష్ణోగ్రతలలో అన్నిటికంటె తక్కువ 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8వ తేదీన. నీరు గడ్డకట్టాలంటే సున్నా డిగ్రీలకు దిగాలి. నేలమీద ఆ చలి మనకు ఎన్నడూ రాలేదు. సైబీరియాలో పుట్టే కరకరలాడే చలిగాలి మనదాకా రాకుండా హిమాలయాలు అడ్డుగోడలాగా నిలబడి ఉన్నాయి.

నేలమీద లేకపోతేనేం, ఆ చలి మన నెత్తిమీదనే ఉన్నది! పైకి పోయినకొద్దీ గాలి చల్లబడుతుంది. ఒక్కొక్క కిలోమీటరు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. వాతావరణశాఖ వారు బేగంపేట నుంచి బెలూన్లు ఎగరవేసి, వాటికి కట్టిన పరికరాల ద్వారా పై గాలి ఉష్ణోగ్రతను కొలుస్తూ వచ్చారు. సముద్రమట్టం నుంచి ఇంచుమించు 5 కిలోమీటర్ల ఎత్తున మన ఆకాశంలో ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుంది. ఇంకా పైకి పోతే సున్నా కిందికి దిగుతుంది. కార్ఖానా నేల సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తున ఉన్నది గనక, మన తలకు పైన నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో గడ్డకట్టే చలి ఉన్నదన్నమాట. ఆ దూరం నేలమీదైతే సైకిలు మీద అరగంట కూడా పట్టదు.

మరి మంచు నేలమీద కురవటానికి ఏమేం కావాలి? మూడు కావాలి. ఒకటి, గాలిలో తేమ. రెండు, ఆ తడిగాలిని పైకి ఎత్తేది ఏదైనా ఉండాలి. మూడు, మబ్బు దగ్గరినుంచి నేలదాకా చల్లటి దారి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మంచు కురవదు. 2004లో హైదరాబాదులో ట్యాంక్‌బండు దిగువన స్నోవరల్డు అనే మంచు ఇల్లు కట్టి తెరిచినప్పుడు, యంత్రాలతో మంచు చేస్తే సరిపోలేదు. చుట్టూ గోడలు కట్టి, లోపలి గాలినంతా నేలదాకా సున్నాకంటె కిందికి చల్లబరచవలసి వచ్చింది. మూడోదాన్ని కరెంటుతో కొన్నారన్నమాట!

జపానుకు ఆ మూడూ ఎక్కడివి?

జపాను ఉత్తరాన హొక్కాయిదో అనే పెద్ద దీవి ఉన్నది. అందులో నిసెకో అనే చోట మంచు మీద జారే ఆట ఆడటానికి దేశదేశాలవారు వస్తారు. ఆ ఊరు ఫ్రాన్సులోని మార్సెయి రేవుతో ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నది. మార్సెయిలో మంచు పడటం అరుదు. నిసెకో కొండల మీద ఒక్క చలికాలంలో కురిసిన మంచునంతా కలిపి కొలిస్తే 10 మీటర్లకు పైగా ఉంటుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు! కనుక "జపాను చలిదేశం" అన్నంత మాత్రాన సరిపోదు.

అసలు రహస్యం జపానుకూ ఆసియా ఖండానికీ మధ్య ఉన్న జపాను సముద్రంలో ఉన్నది. చలికాలంలో సైబీరియా నేల విపరీతంగా చల్లబడుతుంది. అక్కడి గాలి బరువెక్కి, సముద్రం వైపు ప్రవహిస్తుంది. బయలుదేరేటప్పుడు ఆ గాలి ఎముకలు కొరికేటంత చల్లన, కాని ఒట్టి పొడిగాలి. దక్షిణాన్నుంచి వచ్చే సుషిమా అనే వెచ్చటి ప్రవాహం మూలంగా జపాను సముద్రం నీరు, దాని మీది గాలికంటె ఎంతో వెచ్చగా ఉంటుంది. చలికాలం పొద్దున కాగులో నీళ్ళు కాగుతుంటే పైన ఆవిరి పొగలాగా లేవటం మీరు చూశారు గదా? ఆ సముద్రం మీద జరిగేది కూడా అదే. పొడిగాలి దారి పొడుగునా తేమ తాగుతుంది. మబ్బులు చారలు చారలుగా బారులు తీరతాయి. ఆ మబ్బులు జపాను కొండలకు తగులుతాయి. అడ్డు వచ్చిన కొండను ఎక్కక గాలికి తప్పదు. ఎక్కితే ఇంకా చల్లబడుతుంది. తెచ్చిన తేమనంతా మంచుగా కుమ్మరిస్తుంది. కింద నేలమీద కూడా జనవరిలో సగటున సున్నాకు 5 డిగ్రీల కింద ఉంటుంది గనక మంచు కరగకుండా దిగుతుంది. తేమ, ఎత్తు, చల్లటి దారి, మూడూ కుదిరాయి.

కొండ దాటిన గాలి సంగతేమిటి? అది తేమంతా పోగొట్టుకుని అవతలికి దిగుతుంది. అందువల్లనే జనవరిలో కొండలకు ఇవతల ఉన్న నీగాత ప్రాంతంలో మంచు గుట్టలు పడుతూ ఉంటే, అవతల ఉన్న టోకియోలో చాలా రోజులు ఆకాశం నిర్మలంగా ఎండ కాస్తుంది. ఈ రెంటికీ మధ్య కొండ తొలిచి 1931లో షిమిజు సొరంగం తెరిచారు. రైలు ఎండలో సొరంగం దూరి, మంచులో బయటికి వస్తుంది!

నీగాత ప్రాంతంలో తకాదా అనే ఊరున్నది. 1945 ఫిబ్రవరి 26న అక్కడ నేలమీద పేరుకున్న మంచు మందం 377 సెంటీమీటర్లు. ఇద్దరు మనుషులను ఒకరి మీద ఒకరిని నిలబెట్టినా పై మనిషి తల బయటికి కనిపిస్తుందో లేదో! అటువంటి ఊళ్ళో బజారుకు వెళ్ళేదెలా? ఆ ఊరివారు ఒక ఉపాయం చేశారు. ప్రతి ఇంటివారూ వీధివైపు చూరును ముందుకు పొడిగించి, వరసగా పంచలు కట్టారు. వాటిని గంగి అంటారు. వీధి మంచుతో పూడినా ఆ పంచల కింద నడుస్తూ ఊరంతా తిరగవచ్చు. 1911 జనవరిలో ఆ తకాదాలోనే ఆస్ట్రియా దేశపు సైనికాధికారి థియొదోర్ ఫాన్ లెర్చ్ జపాను సైనికులకు స్కీ పలకల మీద జారటం నేర్పాడు. ఇవాళ ఆటగా ఆడేది అక్కడ మొదట సైనికుల చదువు.

మంచు అంటే ఆట ఒక్కటే కాదు. ఇంటికప్పు మీది బరువును దించకపోతే ఇల్లు కూలుతుంది. పారలు పట్టుకుని కప్పులెక్కి, జారిపడి చనిపోయేవారు ఏటా ఉంటారు. వారిలో ముసలివారు ఎక్కువ. కాని వసంతకాలంలో అదే మంచు మెల్లమెల్లగా కరిగి కాలవలలోకి దిగి, నీగాత వరిపొలాలను తడుపుతుంది. కొండ మీద దాచుకున్న చెరువు లాంటిదది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. అప్పుడే కురిసిన మంచులో గాలే ఎక్కువ. 10 సెంటీమీటర్ల మంచును కరిగిస్తే ఒక సెంటీమీటరు నీళ్ళు రావటం మామూలు. నిసెకోలో పడే పొడి మంచైతే అంత కూడా రాదు. ఆ లెక్కన 10 మీటర్ల మంచు కరిగితే ఒక మీటరు లోపు నీళ్ళు. మన సికిందరాబాదులో ఏడాది పొడుగునా పడే వాన సుమారు 80 సెంటీమీటర్లు. చూశారా! నీళ్ళుగా కొలిస్తే వారి మంచూ, మన వానా ఇంచుమించు సమానమే.

నెల్లూరు గాలి, కార్ఖానా గాలి

చలికాలంలో నేల తొందరగా చల్లబడుతుంది, సముద్రం ఆలస్యంగా చల్లబడుతుంది. కనుక గాలి నేలనుంచి సముద్రం వైపు వీస్తుంది. ఈ సూత్రం జపానుకు ఒకటి, మనకు ఒకటి కాదు. మనకు చలికాలపు గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. అది బంగాళాఖాతం మీదుగా వచ్చి నెల్లూరు తీరాన్ని తాకేసరికి తడిగాలి అయి ఉంటుంది. అందుకనే నెల్లూరు జిల్లాకు అక్టోబరునుంచి డిసెంబరుదాకా మంచి వానలు. జపాను సముద్రం నిసెకోకు ఏం చేస్తుందో, బంగాళాఖాతం నెల్లూరుకు అదే చేస్తుంది. తేడా అల్లా, నెల్లూరులో నేలదాకా చల్లటి దారి లేదు. అందుచేత అక్కడ వాన, ఇక్కడ మంచు.

మరి కార్ఖానా? మనం దక్కను పీఠభూమి మీద, సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరాన ఉన్నాం. చలికాలంలో మనదాకా వచ్చే గాలి చాలావరకు నేలమీదుగానే వస్తుంది. దారిలో తాగటానికి సముద్రం లేదు. ఎత్తటానికి కొండ లేదు. డిసెంబరు, జనవరి నెలలు రెండూ కలిపినా మనకు సగటున రెండు సెంటీమీటర్ల వాన పడదు. రాత్రి నక్షత్రాలు మిలమిలా మెరుస్తూ ఉంటాయి. నేలలోని వేడి ఆకాశంలోకి పోయి తెల్లవారేసరికి వణుకు పుడుతుంది. పైన నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున గడ్డకట్టే చలి సిద్ధంగానే ఉన్నది. కాని గడ్డకట్టటానికి మబ్బు ఏదీ?

మనకు చలి ఉన్నప్పుడు మబ్బు ఉండదు. మబ్బు ఉన్నప్పుడు నేలమీద చలి ఉండదు. మొదటి ముడి ఇలా విడింది.

మబ్బుల కార్ఖానా

ఇప్పుడు రెండో ముడి. మార్చి, ఏప్రిలు నెలలలో మన నేల పెనంలాగా కాలుతుంది. పై గాలిలో మాత్రం చలికాలపు చల్లదనం ఇంకా మిగిలి ఉంటుంది. కింద వేడి, పైన చలి. మధ్య తేడా పెద్దది. అటువంటి సమయంలో బంగాళాఖాతం నుంచి కాస్త తేమ వచ్చిందా, వేడెక్కిన ఆ తడిగాలి బాణంలాగా పైకి లేస్తుంది. మనకు కొండ లేని లోటును ఎండే తీరుస్తుంది! మధ్యాహ్నం దాటాక పడమటనో తూర్పుననో కాలిఫ్లవరు పువ్వులాగా ఒక మబ్బు ఉబ్బటం, సాయంత్రానికి అది నల్లగా కమ్మటం మీరు చూసే ఉంటారు. దాని తల 12 కిలోమీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. అంటే మబ్బులో సగానికి పైగా గడ్డకట్టే చలిలో ఉన్నదన్నమాట.

కార్ఖానా అంటే వస్తువులు తయారుచేసే చోటు. మీ పేట పేరు అదే. ఈ మబ్బు కూడా ఒక కార్ఖానాయే. అందులో తయారయ్యే వస్తువు వడగల్లు. మబ్బులో నీటిబొట్లు కొన్ని సున్నాకంటె చల్లబడినా గడ్డకట్టకుండా నీరుగానే ఉండిపోతాయి. ఒక చిన్న అయిసు పలుకు వాటి మధ్య తిరుగుతూంటే, తగిలిన బొట్టల్లా దానికి అంటుకుని గడ్డకడుతుంది. పలుకు పెరుగుతుంది, బరువెక్కుతుంది, పడబోతుంది. కాని కిందినుంచి వచ్చే గాలి దాన్ని పడనివ్వదు. రేగిపండంత వడగల్లు సెకండుకు సుమారు 15 మీటర్ల వేగంతో పడుతుంది. దాన్ని గాలిలో నిలబెట్టాలంటే కిందినుంచి పైకి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో గాలి కొట్టాలి. ఎంత బలమైన గాలి అయితే అంత పెద్ద వడగల్లు. చివరికి గాలి మోయలేనంత బరువైనప్పుడు వడగల్లు కిందికి దూకుతుంది.

దారిలో కరగదా? కరుగుతుంది, కాని పూర్తిగా కాదు. ఆ 15 మీటర్ల వేగంతో నాలుగున్నర కిలోమీటర్లు దిగటానికి అయిదు నిమిషాలు చాలు. అదే మంచు రేకు సెకండుకు సుమారు ఒక్క మీటరు చొప్పున తేలుతూ దిగుతుంది. దానికి గంటంబావు పట్టాలి! వెచ్చటి గాలిలోకి వచ్చిన కొద్దిసేపటికే అది కరిగి వానచినుకు అయిపోతుంది. చిన్న చిన్న వడగళ్ళ గతి కూడా అంతే. ఏప్రిలు గాలివానలో మొదట టపటపా పడే పెద్ద చినుకులు ఒంటికి తగిలితే చల్లగా చురుక్కుమంటాయి. అవి చాలామటుకు కొద్ది నిమిషాల క్రితందాకా అయిసు ముక్కలే. కనుక మంచు మన కార్ఖానా మీద పడకపోవటం లేదు. పడుతూనే ఉన్నది. దారిలో కరుగుతున్నది.

మరి జూన్ దాటి వానలు ముమ్మరంగా కురిసేటప్పుడు వడగళ్ళు ఎందుకు అరుదు? అప్పటికి నేల చల్లబడుతుంది, పై గాలి వెచ్చబడుతుంది. తేడా తగ్గుతుంది గనక గాలి అంత బలంగా పైకి లేవదు. కార్ఖానా పనిచేస్తూనే ఉంటుంది గాని, పెద్ద సరుకు తయారుచేసే శక్తి దానికి ఉండదు.

రైతు ఇంట్లో వడగళ్ళు

పట్నంలో వడగళ్ళు పడితే మనకు వేడుక. పల్లెలో అది వేడుక కాదు. 2023 మార్చి మూడో వారంలో వికారాబాదు జిల్లా మర్పల్లి ప్రాంతంలో వడగళ్ళు ఎంతగా పడ్డాయంటే, రోడ్లూ పొలాలూ తెల్లబడి కాశ్మీరులాగా కనిపించాయి. ఫోటోలు చూసినవారు ముచ్చటపడ్డారు. కాని ఆ తెలుపు కింద ఉన్నవి నలిగిపోయిన పైరులు. ఆ రోజులలోనే ఖమ్మం, మహబూబాబాదు, వరంగల్లు, కరీంనగరం జిల్లాలలో మొక్కజొన్న నేలకొరిగింది, వరిగింజ రాలింది, మామిడి పిందె రాలింది. రాష్ట్రం మొత్తంమీద రెండు లక్షల ఎకరాలకు పైగా పంట నష్టమైందని ప్రభుత్వం లెక్కవేసి, ఎకరాకు 10 వేల రూపాయల సహాయం ప్రకటించింది. వడగల్లు తగిలిన మామిడికాయ చెట్టున నిలిచినా, ఆ దెబ్బ దగ్గర మచ్చపడి కుళ్ళుతుంది. పైగా వడగళ్ళు సన్నని పట్టీలాగా పడతాయి. ఒక ఊరి తోట పోతుంది, పక్క ఊరి తోట పచ్చగా ఉంటుంది. ఏడాది కష్టం పది నిమిషాలలో పోవటమంటే ఇదే.

జపాను మంచు నెమ్మదిగా దిగి, నెమ్మదిగా కరిగి, పొలానికి నీరవుతుంది. మన వడగల్లు వేగంగా దిగటం వల్లనే కరగకుండా మిగులుతుంది. వేగంగా దిగటం వల్లనే పొలాన్ని కొడుతుంది. రెండూ నీటి గడ్డలే, కాని దిగే తీరులో అంత తేడా.

వడగళ్ళు మనిషికి కూడా ప్రమాదమే. 1888 ఏప్రిలు 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదు ప్రాంతంలో కమలాపండ్లంత వడగళ్ళు పడి 246 మంది మరణించారు. లోకంలో నమోదైన వడగళ్ళ వానలలో అంత ప్రాణనష్టం మరొకదాని వల్ల జరగలేదు. కనుక పెద్దలకు ఒక మనవి: వడగళ్ళు పడుతున్నప్పుడు పిల్లలను గిన్నెలు పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తనివ్వకండి. చెట్టు కిందికి అసలే వద్దు. అటువంటి మబ్బులో పిడుగు కూడా ఉంటుంది. గట్టి కప్పు కింద, కిటికీ అద్దాలకు దూరంగా ఉండటం మంచిది.

చేసి చూడండి

జపానులో ఉకిచిరో నకాయా అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన 1936లో సప్పోరో నగరంలోని హొక్కాయిదో విశ్వవిద్యాలయంలో, ప్రపంచంలోనే మొదటిసారిగా మంచు స్ఫటికాన్ని ప్రయోగశాలలో పెంచాడు. దాన్ని వేలాడదీయటానికి దారాలు పనికిరాలేదు. కుందేలు వెంట్రుక పనికివచ్చింది! మబ్బులో ఎంత చలి, ఎంత తేమ ఉంటే స్ఫటికానికి ఏ ఆకారం వస్తుందో ఆయన ప్రయోగాల వల్ల తెలిసింది. అంటే, నేలకు దిగిన మంచు రేకును చూసి పైన మబ్బు సంగతి చెప్పవచ్చునన్నమాట.

మనకు మంచు రేకులు దొరకవు గాని వడగళ్ళు దొరుకుతాయి. ఈ వేసవిలో వడగళ్ళ వాన పడితే, వాన వెలిసి ఉరుములు పూర్తిగా ఆగిన తరవాత అన్నిటికంటె పెద్ద వడగల్లు ఒకటి తీసుకురండి. దాన్ని పొడి గుడ్డలో పట్టుకుని, అమ్మచేతనో నాన్నచేతనో కత్తితో మధ్యకు కోయించండి. లోపల ఉల్లిపాయ పొరల్లాగా చుట్లు కనిపించవచ్చు. కొన్ని చుట్లు తెల్లగా, కొన్ని గాజులాగా ఉంటాయి. నీరు చటుక్కున గడ్డకట్టితే లోపల గాలి బుడగలు చిక్కుకుని పొర తెల్లబడుతుంది. మెల్లగా గడ్డకట్టితే బుడగలు తప్పించుకుని పొర తేటగా ఉంటుంది. వడగల్లు మబ్బులో ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందీ ఆ చుట్లే చెబుతాయి.

చుట్లు ఎన్ని, తెల్లవి ఏవి, తేటవి ఏవి, వడగల్లు అడ్డం కొలత ఎంత, వాన మొదలైన వేళ ఏది, మబ్బు ఏ దిక్కునుంచి వచ్చింది? ఇవన్నీ తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. మూడు నాలుగు వేసవులు వరసగా రాస్తే, మీ పేట ఆకాశం సంగతి మీకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. త్వరగా రాయండి సుమా! వడగల్లు మీకోసం ఎక్కువసేపు ఆగదు.